వంతెన పాతదైతే లారీలు ఆపుతాం. వీధి పాతదైతే?

ప్రకాశం బ్యారేజీ మీద భారీ వాహనాలను వెళ్లనివ్వరు. 1957లో ప్రారంభమైన కట్టడం, డెల్టా సాగునీరంతా దాని మీదే ఆధారపడి ఉంది, బరువు మోపడం మంచిది కాదు అంటే విజయవాడలో ఎవరూ కాదనరు. లారీలు చుట్టూ తిరిగి వారధి మీదుగా పోతాయి, అంతే. ఆ బ్యారేజీకి కూతవేటు దూరంలోనే వన్ టౌన్ ఉంది. బెజవాడ అంటే ఒకప్పుడు అదే. కొండకీ కృష్ణకీ కాలవలకీ మధ్య ఒదిగిన ఆ పేటలు బ్యారేజీ కంటే చాలా పాతవి. ఆ వీధులు ఎన్ని బళ్లను, ఎంత వేగాన్ని తట్టుకోగలవన్న ప్రశ్న మాత్రం మనకెప్పుడూ రాదు. హైవే మీద పని మొదలైందంటే చాలు, బళ్లన్నీ అటు తిప్పేస్తాం.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. హైవే పని కోసం ఒక పాత పేటలోకి బళ్లు మళ్లించాలంటే, ముందు ఆ పేట వీధుల్లో వేగం తగ్గించే ఏర్పాట్లు పూర్తిచేయాలి. ఆ తర్వాతే హైవే మీద మొదటి గొయ్యి తవ్వాలి. ఆ ఖర్చు ప్రాజెక్టు అంచనాల్లోనే రాసుకోవాలి. పని అయిపోయాక ఆ ఏర్పాట్లు పీకేయకూడదు. ఇది గొంతెమ్మ కోరికేమీ కాదు. దీనికి కావలసిన చట్టం, కొలతలు, అనుభవం అన్నీ మన దగ్గర ఉన్నాయి.

కనకదుర్గ ఫ్లైఓవర్ సంగతే తీసుకోండి. 2015 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది. 2016 ఆగస్టులో వచ్చే కృష్ణా పుష్కరాలకల్లా తెరవాలనుకున్నారు. తెరిచింది 2020 అక్టోబరు 16న. ఆలస్యానికి కారణాలు అప్పట్లో పేపర్ల నిండా వచ్చాయి, వాటి జోలికి ఇప్పుడు పోను. ఫ్లైఓవర్ కట్టడం తప్పని కూడా అనను. ఇంద్రకీలాద్రి కింద ఒకే రోడ్డు మీద అమ్మవారి దర్శనానికి నడిచొచ్చే జనం, హైదరాబాద్ పోయే బస్సులు, మచిలీపట్నం నుంచి వచ్చే లారీలు కలిసి పడ్డ పాట్లు చూసినవాళ్లెవరూ అలా అనలేరు. పైగా అది ఏటి ఒడ్డునే సాగింది, ఇళ్ల మధ్యలోకి రాలేదు. అమెరికాలో న్యూ ఆర్లియన్స్‌లోని ట్రెమే పేటలో 1960ల్లో క్లెయిబోర్న్ అవెన్యూ మీద ఎలివేటెడ్ హైవే కట్టారు. వీధి మధ్య వరసగా ఉన్న ఓక్ చెట్లు నరికేసి స్తంభాలు దింపారు. నల్లజాతివాళ్ల దుకాణాలతో కళకళలాడిన వీధి స్తంభాల నీడలో పార్కింగ్ జాగా అయిపోయింది. ఆ గతి మనకి పట్టలేదు, సంతోషం.

మనకి పట్టింది వేరే. కొండకీ కృష్ణకీ మధ్య ఉన్నది సన్నటి పట్టీ. అది మూస్తే బస్టాండు నుంచి గొల్లపూడి చేరడానికి దగ్గర దారి ఇంకొకటే ఉంది. వన్ టౌన్ లోపలికి వచ్చి, చిట్టినగర్ చేరి, సొరంగం దాటి, కబేళా, సితార సెంటర్ మీదుగా పోవాలి. ఫ్లైఓవర్ పని జరిగినన్నాళ్లూ కార్లకీ బస్సులకీ అదే హైవే. ఇప్పటికీ దసరా వచ్చిందంటే అదే దారి. భవానీలు దీక్ష విరమణకి వచ్చినప్పుడూ అదే.

మళ్లింపు అనగానే మనకి వచ్చేది ఒక మ్యాపు, దాని మీద బాణం గుర్తులు. పేపర్లో వేస్తారు, కూడలిలో రేకు బోర్డు పెడతారు. ఆ బాణం గుర్తు కింద ఎవరుంటారో మ్యాపులో కనపడదు.

చిట్టినగర్ వైపు ఎప్పుడూ రానివాళ్ల కోసం కాస్త వివరంగా చెప్తాను. అక్కడ సగం ఊరు కొండ మీదే ఉంటుంది. ఇళ్లకి రోడ్డు ఉండదు, మెట్లుంటాయి. ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకి ఒదగాల్సిన మెట్లు. గ్యాస్ బండ భుజం మీద పైకెక్కాలి, పెళ్లి సామాను భుజం మీద కిందకి దిగాలి. ఆ మెట్లు దిగితే చాలాచోట్ల ఆఖరి మెట్టు కింద డ్రైను పలక, పలక దాటితే రోడ్డు. మధ్యలో ఫుట్‌పాత్ అనేది లేదు. కొండ మీంచి పిల్లలు దిగేటప్పుడు నడవరు కదా, దూకుతూ వస్తారు. ఆఖరి మెట్టు మీద ఆ ఊపు ఆపుకోవడానికి అడుగు జాగా లేదు. డ్రైవరుకేమో గోడ చాటున మెట్లున్నాయనే తెలీదు. ఊరివాడైతే అలవాటుగా నెమ్మదిస్తాడు. మళ్లింపు బోర్డు చూసి హైవే మీంచి నేరుగా వచ్చినవాడికి ఆ అలవాటు ఎక్కడి నుంచి వస్తుంది? వాడి కాలు ఇంకా హైవే మీదే ఉంటుంది.

మెట్ల పక్కన ఇడ్లీ బండి పెట్టుకునే ఒక పిన్నిగారు నాతో అన్న మాట: "రద్దీగా ఉన్నప్పుడు భయం లేదమ్మా, అన్నీ నత్తల్లా పోతాయి. ఖాళీ అయినప్పుడే గుండె దడ. పొద్దున్నే వస్తాడు చూడూ, ఒకడు, రివ్వున." ఈ సమస్య మీద నేను చదివినవాటి సారాంశం అంతా ఆవిడ ఆ ఒక్క మాటలో చెప్పేసింది.

మన చర్చలన్నీ జామ్ చుట్టూనే తిరుగుతాయి. జామ్ అయితే ఫోటోలు తీస్తాం, ఫిర్యాదులు చేస్తాం, అధికారులు పరిగెత్తుకొస్తారు. జామ్ విడిపోతే సమస్య తీరినట్టే లెక్క. పాత పేటలో ఉండేవాళ్లకి అసలు ప్రమాదం అప్పుడు మొదలవుతుంది. మళ్లింపు సాఫీగా సాగాలని వీధిని నున్నగా తారు వేసి ఉంచుతారు. అడ్డమొచ్చే తోపుడు బళ్లని తోసేస్తారు. స్పీడ్ బ్రేకర్లుంటే చదును చేసేస్తారు. ఫ్లైఓవర్ తెరిచాక హైవే బళ్లు చాలావరకు అటు వెళ్లిపోతాయి. మిగిలేది వెడల్పుగా, నున్నగా, ఖాళీగా ఉన్న రోడ్డు. ఫోన్లో మ్యాప్ చూసి రెండు నిమిషాలు కలిసొస్తాయని లోపలికి వచ్చే కారుకి అంతకంటే ఏం కావాలి?

వేగం లెక్క ఒక్కసారి చూద్దాం. గంటకి 30 కిలోమీటర్లంటే సెకనుకి 8 మీటర్ల పైచిలుకు. 50 అంటే సెకనుకి దాదాపు 14 మీటర్లు. ఎదురుగా పిల్ల కనపడి, కాలు బ్రేకు మీద పడేసరికి ఒక సెకనైనా పోతుంది. పొడి రోడ్డు మీద, మంచి బ్రేకులున్న కారులో 30లో వచ్చేవాడు 13, 14 మీటర్లలో బండి ఆపేస్తాడు. 50లో వచ్చేవాడికి ఆ 14 మీటర్లూ బ్రేకు తొక్కేలోపే అయిపోతాయి. అంటే మొదటి బండి ఆగిపోయిన చోట, రెండోది ఇంకా 50లోనే పోతూ ఉంటుంది. ఆ రెండింటి మధ్య తేడా ఒక పిల్ల ప్రాణం. 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్‌లో ప్రపంచ దేశాల మంత్రులు కూర్చుని, నడిచేవాళ్లూ సైకిళ్లూ బళ్లూ కలిసి తిరిగే చోట గరిష్ఠ వేగం 30 ఉండాలని ప్రకటన చేశారు. ఆ ఏడాదే ఐక్యరాజ్యసమితి సాధారణ సభ దాన్ని ఆమోదించింది. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. అందులో 32,825 మంది నడుచుకుంటూ పోతున్నవాళ్లు. దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరు.

ప్రాణాల సంగతి అలా ఉంచి, పేట పేటగా మిగలడం అనేది ఇంకొకటి ఉంది. 1960ల చివర్లో డొనాల్డ్ ఆపిల్‌యార్డ్ అనే నగర నిర్మాణ నిపుణుడు శాన్ ఫ్రాన్సిస్కోలో ఒకేలాంటి మూడు వీధుల్ని పోల్చి చూశాడు. ఒకదాంట్లో రోజుకి సుమారు 2,000 బళ్లు, ఇంకోదాంట్లో 8,000, మూడోదాంట్లో 16,000 దాకా. మొదటి వీధిలో ఒక్కొక్కరికీ ఆ వీధిలోనే సగటున ముగ్గురు స్నేహితులున్నారు. మూడో వీధిలో ఆ సగటు ఒకటి కూడా లేదు, 0.9. "మీది అనుకునేంత మేర గీత గీయండి" అంటే మొదటి వీధివాళ్లు వీధంతా చుట్టేశారు. మూడో వీధివాళ్ల గీత ఇంటి గుమ్మం దాటలేదు.

ఇది చదివినప్పుడు నాకు వన్ టౌన్ అరుగులు కళ్ల ముందు మెదిలాయి. పాత మిద్దెల ముందు ఇప్పటికీ అక్కడక్కడా అరుగులు మిగిలి ఉన్నాయి. సాయంత్రం కరెంటు పోతే విసనకర్రలతో బయటికి వచ్చి కూర్చునే కాలం ఎలాగూ పోయింది, దానికి హైవేని తప్పుపట్టను. కానీ బియ్యం ఏరుకుంటూ ఎదురింటావిడతో మాట్లాడటానికి గొంతు పెంచాల్సి వస్తే, పెంచి పెంచి విసుగొస్తే, ఆవిడ లోపలే ఏరుకుంటుంది. మర్నాడు అరుగు మీద స్కూటర్ పార్క్ చేస్తారు. ఆ తర్వాత ఎలాగూ వాడటం లేదు కదా అని షట్టర్ దింపుతారు. పేటలు కూలగొడితేనే పోతాయనుకుంటాం. చాలాసార్లు ఇలా, ఎవరూ చూడకుండానే పోతాయి.

మరి ఏం చేయాలి? ముందు స్పీడ్ బ్రేకర్ గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ మాట ఎత్తగానే అందరూ నడుం పట్టుకుంటారు. అందులో న్యాయం ఉంది. మన వీధుల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు వేసుకున్న దిమ్మలు గర్భిణులకీ, ఆటోల్లో వెళ్లే ముసలివాళ్లకీ నరకం. అవి స్పీడ్ బ్రేకర్లు కావు, నడ్డి విరిచే దిమ్మలు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే కొలతలు ఇచ్చింది. ప్రయాణ దిశలో 3.7 మీటర్ల మేర, మధ్యలో 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్థంతో గుండ్రంగా తేలిన హంప్. దాని మీద 25 కిలోమీటర్ల వేగంతో కుదుపు తెలియకుండా పోవచ్చు. అంతకు మించి పోతేనే బండి ఎగురుతుంది. అంటే నెమ్మదిగా పోయేవాడికి శిక్ష లేదు. మనం వేసుకునేవి అడుగు, అడుగున్నర వెడల్పుతో గోడ కట్టినట్టు ఉంటాయి. పద్ధతిగా పోయేవాడికీ, దూసుకుపోయేవాడికీ ఒకటే దెబ్బ.

అంతకంటే మంచిది, మెట్ల దగ్గర, బడుల దగ్గర, గుళ్ల దగ్గర రోడ్డునే ఫుట్‌పాత్ ఎత్తుకి లేపడం. జీబ్రా గీతలు ఆ ఎత్తు మీద ఉంటాయి. మనిషి దిగి ఎక్కక్కర్లేదు, బండే ఎక్కి దిగాలి. ఎవరి దారిలోకి ఎవరు వస్తున్నారో బోర్డు పెట్టి చెప్పే పనిలేకుండా రోడ్డే చెప్తుంది. మలుపుల దగ్గర మూలల్ని బిగించాలి. గుండ్రంగా వెడల్పుగా ఉన్న మలుపులో ఎవరూ గేరు తగ్గించరు. కబేళా వైపు నుంచైనా, పంజా సెంటర్ వైపు నుంచైనా పేటలోకి అడుగుపెట్టే చోట రోడ్డు సన్నబడాలి, నేల రాయి మారాలి, ఇక్కడితో హైవే అయిపోయిందని చక్రం కింద తెలియాలి. సొరంగం రెండు చివర్లూ దీనికి దేవుడిచ్చిన గుమ్మాల్లాంటివి. బయటికి రాగానే డ్రైవరు కళ్లు వెలుతురుకి అలవాటు పడాలి, సరిగ్గా అక్కడే మనుషులు దాటుతారు. మొదటి ఖర్చు అక్కడ పెట్టాలి.

రోడ్డు వెడల్పు చేస్తే పోతుందిగా అనే వాదన ఎప్పుడూ ఉంటుంది. పాత పేటలో రోడ్డు వెడల్పు చేయడమంటే అరుగులు, మెట్లు, చిన్న కొట్లు తీసేయడం. తీసేశాక వచ్చేది వేగం. ఏ బాధకి మందు వెతుకుతున్నామో ఆ బాధే పెరుగుతుంది. దీని మీద ఇంకా చెప్పాల్సింది నాకేమీ కనపడటం లేదు.

హంపులుంటే అంబులెన్సు ఆలస్యమవుతుందనే వాదన అంతకంటే పెద్దది. అంబులెన్సుకి అడ్డం పడేది పద్ధతిగా కట్టిన హంప్ కాదు, వేరే ఊరి బళ్లతో నిండిపోయిన వీధి. లోపలికి పనిలేని బండి రాకుండా చూస్తేనే అంబులెన్సు కదులుతుంది. నిజమే, ప్రతి ఎత్తు దగ్గరా దానికి కొన్ని సెకన్లు పోతాయి. అందుకే ఆసుపత్రులకి వెళ్లే దారి ఏదో ముందే తేల్చుకుని, అక్కడ ఎత్తులకి బదులు సన్నబరచడం, మలుపులు బిగించడం చేయాలి.

బళ్లని కట్టడి చేస్తే బేరాలు పోతాయన్న వ్యాపారుల భయం నాకు అర్థమవుతుంది. కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల బతుకంతా సరుకు ఎక్కించడం, దించడమే. ముఠా కార్మికులు, రిక్షా బళ్లు, గూడ్స్ ఆటోలు లేకపోతే ఆ వీధులే లేవు. కానీ ఆ వ్యాపారానికి కావలసింది ఆగే బండి. దాటిపోయే బండి కాదు. హైదరాబాద్ పోయే కారు చీరల కొట్టు ముందు ఎలాగూ ఆగదు, ఆగిన గూడ్స్ ఆటో వెనక నిలబడి హారన్ కొడుతుంది. ఢిల్లీలో చాందినీ చౌక్ చూడండి. మన వన్ టౌన్‌లాగే హోల్‌సేల్ వ్యాపారం, అంతకంటే ఇరుకు. ఎర్రకోట వైపు నుంచి ఫతేపురి మసీదు దాకా సుమారు 1.3 కిలోమీటర్ల మేర పొద్దున 9 నుంచి రాత్రి 9 దాకా మోటారు బళ్లు రాకూడదన్నారు. తిరిగి కట్టిన వీధిని 2021 సెప్టెంబరులో ప్రారంభించారు. అమలులో లోపాలు బోలెడున్నాయి, నిషేధం దాటి వచ్చే బళ్ల గురించి గొడవలు జరుగుతూనే ఉన్నాయి. అయినా సరుకు రాత్రిపూట దిగుతోంది, పగలు జనం నడుస్తున్నారు, కొట్లు నడుస్తున్నాయి.

హైదరాబాద్‌లో మాత్రం నాకు కొంచెం అసంతృప్తి. ఒకప్పుడు బస్సులు చార్మినార్ చుట్టూ తిరిగేవి. ఇప్పుడు దాని చుట్టూ రాళ్లు పరిచి బళ్లు ఆపారు, మంచిపనే. కానీ కట్టడానికి దొరికిన శాంతి పక్క గల్లీల్లో కాపురముండేవాళ్లకి దొరకలేదు. స్మారకాన్ని కాపాడటం, పేటని కాపాడటం ఒకటే అనుకుంటే ఇలాగే అవుతుంది. డచ్చివాళ్లు దీన్ని తిరగేసి ఆలోచించారు. డెల్ఫ్ట్ ఊళ్లో 1960ల చివర్లో మామూలు నివాస వీధుల్నే మార్చుకున్నారు. చెట్లు, బల్లలు, వంకర దారి పెట్టి, కారు మనిషి నడకతో సమానంగా పోయేలా చేశారు. 1976లో దానికి చట్టంలో చోటిచ్చారు. ఆస్ట్రియాలో గ్రాజ్ నగరం 1992లో నివాస వీధులన్నిటికీ 30 పెట్టేసింది. అక్కడ ఏ పేటలోనూ చార్మినార్ ఉండక్కర్లేకపోయింది.

చట్టం లేదనే సాకు కూడా చెల్లదు. మోటారు వాహనాల చట్టం 1988లో 115వ సెక్షన్ ఉంది. ప్రజల భద్రత కోసం గానీ, సౌకర్యం కోసం గానీ, రోడ్డు లేదా వంతెన స్వభావాన్ని బట్టి గానీ ఏ రకం వాహనాలనైనా నియంత్రించవచ్చు, నిషేధించవచ్చు. నెల మించకపోతే గెజిట్ ప్రకటన కూడా అక్కర్లేదు, స్థానికంగా ప్రచారం చేస్తే చాలు. రోడ్డునీ వంతెననీ చట్టం ఒకే వాక్యంలో పెట్టింది. వంతెన విషయంలో మనం పాటిస్తున్నాం, రోడ్డు విషయంలో వదిలేశాం. 2019 సవరణతో వచ్చిన 198-ఎ సెక్షన్ ప్రకారం రోడ్డు డిజైన్‌లో, నిర్వహణలో భద్రతా ప్రమాణాలు పాటించక మనిషి చనిపోయినా, అంగవైకల్యం కలిగినా కాంట్రాక్టరుకీ కన్సల్టెంటుకీ లక్ష రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. లక్ష చాలా తక్కువ, అది వేరే మాట. నా అభ్యంతరం ఇంకోటి. హైవే పని ఉన్నంత మేరకే ఆ బాధ్యత అనుకుంటున్నారు. బళ్లు ఎక్కడికి మళ్లించారో ఆ వీధి కూడా పని జరుగుతున్న చోటే. అక్కడ ఫుట్‌పాత్ లేకపోవడం కూడా ప్రాజెక్టు లోపమే.

చేయగలమా అనే అనుమానం ఉన్నవాళ్లు దసరాకి కొండ కింద నిలబడి చూడండి. లక్షల జనం నడుస్తారు. బారికేడ్లు, క్యూలైన్లు, వాలంటీర్లు, ఎక్కడికక్కడ ఆగిపోయే బళ్లు. పోలీసులు ఆ పది రోజులూ చేసేది అచ్చంగా నేను అడుగుతున్నదే, నడిచేవాడికి ముందు దారి ఇవ్వడం. ఆ శ్రద్ధంతా కొండకి ఇటువైపే ఉంటుంది. అదే కొండకి అటువైపు, సొరంగం దగ్గర, మళ్లించిన బస్సుల మధ్యలోంచి పిల్లల్ని చెయ్యి పట్టుకుని దాటించే తల్లికి ఒక్క బారికేడ్ కూడా సాయం ఉండదు.

ఇప్పుడు ఈ మాట ఎందుకు ఎత్తానంటే, గొల్లపూడి మీదుగా కాజ దాకా పోయే పశ్చిమ బైపాస్‌తో పైబళ్లకి ఊళ్లోకి రావాల్సిన పని ఇంకా తగ్గుతుంది. చిన్నఅవుటపల్లి నుంచి లెక్కేస్తే దాదాపు 48 కిలోమీటర్ల రోడ్డది. వన్ టౌన్ వీధులు మళ్లీ ఊరివాళ్లవి కావడానికి ఇంత మంచి సమయం రాదు. ఏమీ చేయకుండా వదిలేస్తే ఖాళీ అయిన జాగాని వేగం ఆక్రమిస్తుంది. ఇంకో రెండేళ్లకి ఇంకేదో పని మొదలవుతుంది, మళ్లీ అదే బాణం గుర్తు పడుతుంది.

కాబట్టి వచ్చే దసరా మళ్లింపు మ్యాపుతోనే మొదలుపెట్టమని అడుగుతున్నాను. బాణం గుర్తులు వేసిన ప్రతి వీధికీ ఇంకో కాగితం జతచేయాలి. అందులో ఎక్కడ మెట్లు దిగుతాయి, ఎక్కడ బడి ఉంది, ఎక్కడ దాటుతారు, అక్కడ ఏం పెట్టారు అని రాసి ఉండాలి. శాశ్వతంగా కట్టడానికి టైమ్ లేకపోతే రబ్బరు హంపులు, నీళ్లు నింపిన ప్లాస్టిక్ బారికేడ్లు, తెల్ల పెయింటు చాలు. పండగ అయ్యాక తీసేయకుండా మూడు నెలలు ఉంచి, పొద్దున ఆరింటికీ రాత్రి పదింటికీ బళ్ల వేగం కొలవాలి. ఆ కాగితం మీద కార్పొరేషన్, ట్రాఫిక్ పోలీసు, హైవే వాళ్లు ముగ్గురూ సంతకం పెట్టాలి. వార్డు సచివాలయం బోర్డు మీద అంటించాలి. కొండ మీదవాళ్లు మెట్లు దిగి వచ్చి చదువుకుని, ఇది తప్పు, ఇక్కడ కాదు అక్కడ దాటుతాం అని చెప్పడానికి ఒక తారీఖు, ఒక టైము ఇవ్వాలి.